పాకం పదును

తిరుపతి లడ్డులో చక్కెర రెండు రూపాల్లో ఉంటుంది. బూందీని పట్టి ఉంచే పాకం ఒకటి. తింటుంటే మధ్యమధ్యలో పంటికి తగిలి పటుక్కుమనే కలకండ పలుకు రెండోది. లడ్డుకు ఏ సరుకు ఎంత వాడాలో చెప్పే కొలతల పట్టిక దిట్టం. అందులో చక్కెరకు ఒక లెక్క, కలకండకు వేరే లెక్క. రసాయనశాస్త్రం చదివినవాళ్లను అడిగితే రెండూ సుక్రోజే, రెండింటిలో ఉన్నది ఒకే అణువు అంటారు. ఆ మాట నిజమే. నాలుకకు మాత్రం అవి రెండూ ఒకటి కావు. పాకంలో ఆ అణువులు కొంచెం నీళ్లతో కలిసి, వరసంటూ లేకుండా కిక్కిరిసి ఉంటాయి. కలకండలో అవే అణువులు రోజుల తరబడి తీరిగ్గా, ఒకదాని పక్కన ఒకటి వరస తప్పకుండా పేర్చుకుని గట్టిపడ్డాయి. అదే లడ్డులోని నెయ్యి కూడా అంతే. నిదానంగా చల్లారితే పూస కడుతుంది, గబుక్కున చల్లారితే నున్నగా పేరుకుంటుంది. నెయ్యి మారలేదు, అందులోని కొవ్వు గడ్డకట్టిన తీరు మారింది.

ఏ వస్తువునైనా చేతికి తీసుకున్నప్పుడు మనం మొదట అడిగేది ఇందులో ఏముంది అని. ప్యాకెట్ల మీద అచ్చువేసేదీ, బడిలో పిల్లల చేత వల్లె వేయించేదీ అదే. ఆ ప్రశ్న చాలదని నాకు చాలాకాలంగా గట్టి నమ్మకం. ఉన్నవి ఎట్లా అమరి ఉన్నాయి, ఆ అమరిక ఎంతకాలం నిలబడుతుంది అన్నవి కూడా అడిగితే తప్ప వస్తువు గుణం మనకు చిక్కదు. పాఠ్యపుస్తకాలు ఒక్కో అమరికను ప్రావస్థ అంటాయి. మంచు, నీరు, ఆవిరి అని మూడు బొమ్మలు వేసి ఆ పాఠం అక్కడితో ముగించేస్తాయి. అసలు కథ ఆ మూడు బొమ్మలు దాటిన తర్వాతే మొదలవుతుంది. ఒకే ఘనపదార్థంలో రెండు మూడు ప్రావస్థలు పక్కపక్కన కాపురం ఉంటాయి. వాటి పాళ్లు, పరిమాణం, అంచులు కలిసి ఆ వస్తువు విరుగుతుందా వంగుతుందా, కరుగుతుందా నిలుస్తుందా అన్నది తేలుస్తాయి.

చిత్తూరు పల్లెల్లో పెరిగినవాళ్లు ఈ పాఠాన్ని పుస్తకంలో కన్నా ముందు గానుగ కాడ చూస్తారు. మా తాత బెల్లం వండేవాడు. ఐరాల, పూతలపట్టు వైపు చెరకు వేసిన రైతుల్లో చాలామంది లాగే ఆయనకూ ఫ్యాక్టరీకి తోలడం కంటే గానుగ ఆడించుకోవడమే ఇష్టం. పొద్దున కొట్టిన చెరకు ఆ రోజే ఆడాలని పట్టుబట్టేవాడు. ఎండలో ఒక రోజు పడున్న చెరకుతో బెల్లం సరిగ్గా గట్టిపడదని ఆయనకు తెలుసు. గట్టిపడకపోవడానికి కారణం నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. కొట్టిన గడలో సుక్రోజ్ ఊరికే ఉండదు. గడలోని ఎంజైములూ, కోసిన చోట చేరే సూక్ష్మజీవులూ దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టడం మొదలుపెడతాయి. రసంలో పులుపు ఎక్కువైతే పెనంలో ఉడికేటప్పుడు కూడా అదే జరుగుతుంది. రసంలో కాస్త సున్నం వేసేది అందుకే. సున్నం పులుపును విరుస్తుంది, మురికిని మడ్డిగా పైకి తేలుస్తుంది.

రసం మరిగేకొద్దీ నీళ్లు పోతుంటాయి, పాకం వేడి పెరుగుతుంటుంది. ఉత్త నీళ్లయితే 100 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. చక్కెర చిక్కబడేకొద్దీ మరిగే వేడి మెట్టుమెట్టుగా పైకి పోతుంది, బెల్లం దించే వేళకు 118 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది. మా తాత దగ్గర థర్మామీటర్ ఎప్పుడూ లేదు. ఆయన చెవితో కొలిచేవాడు. మొదట బుడబుడమంటూ పొంగే రసం, తర్వాత గుబగుబమంటూ బరువెక్కి, చివరికి టపటపమని చిన్న చిన్న బుడగలు పగిలే దశకు వస్తుంది. అప్పుడు గరిటెతో కొంచెం తీసి చన్నీళ్లలో వేసి వేళ్ల మధ్య ఉండ చేసేవాడు. "ఇంగొక్క పొంగు రానీరా అబ్బోడా" అనేవాడు పిప్పి ఎగదోస్తున్న కుర్రాడితో. ఆ పొంగు వచ్చి తగ్గీతగ్గకముందే "ఇంగ దించండప్పా, దించండి!" అని కేక. రెండు నిమిషాలు ముందు దించితే బెల్లం మెత్తబడి కారుతుంది. రెండు నిమిషాలు ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది.

దించిన తర్వాతి పనిని చూసేవాళ్లు తక్కువ. నా దృష్టిలో అసలైన పని అదే. గది వేడిలో 100 గ్రాముల నీళ్లు దాదాపు 200 గ్రాముల చక్కెరను కరిగించుకోగలవు, మరిగే వేడిలో దాదాపు 490 గ్రాములను. దించిన పాకంలో ఉన్న నీళ్లు చాలా కొంచెం. చల్లారుతున్నకొద్దీ అవి మోయలేనంత చక్కెర అందులో మిగిలిపోతుంది. ఆ మిగులు బయటపడి స్ఫటికాలుగా కట్టాలి. ఎన్ని కట్టాలి, ఎంత పెద్దవి కట్టాలి అన్నది చెక్క గరిటె పట్టుకున్న చెయ్యి తేలుస్తుంది. వెడల్పాటి తొట్టిలో పోసి ఆపకుండా కలుపుతుంటే ఒకేసారి లక్షల చోట్ల సన్నటి పలుకులు పుడతాయి. ఏదీ మరోదాన్ని మించి ఎదగదు, ముద్దంతా సమంగా బిగుస్తుంది. కలపకుండా వదిలేస్తే ఒకచోట ముతక పలుకు కడుతుంది, మరోచోట జిగురుగా మిగిలిపోతుంది. అందుకే తాత ఆ గరిటె పసివాళ్లకు ఇచ్చేవాడు కాదు.

అట్లా తయారైన బెల్లం ముద్దను విరిచి భూతద్దంలో చూస్తే రెండు లోకాలు కనిపిస్తాయి. సన్నటి సుక్రోజ్ పలుకులు ఒకటి. వాటి మధ్య సందుల్లో నిండిన, పలుకు కట్టని చిక్కటి పదార్థం మరొకటి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్, చెరకు ఖనిజాలు, రంగు, వాసన, కొద్దిపాటి నీళ్లు అన్నీ ఈ రెండోదానిలోనే ఉంటాయి. అది నిజానికి గట్టిపడిన ద్రవం. కిటికీ అద్దం ఎట్లాగైతే పలుకు కట్టకుండానే గట్టిగా ఉంటుందో ఇదీ అట్లాంటిదే. బెల్లానికి బెల్లం రుచి ఇచ్చేది ఈ అద్దపు భాగం. బెల్లాన్ని చెడగొట్టేదీ అదే.

చెడగొట్టడం ఎట్లాగో చెప్పాలి. ఆరిపోయిన సుక్రోజ్ అద్దం 60 డిగ్రీలు దాటితే గాని మెత్తబడదు. ఫ్రక్టోజ్ అద్దం గది వేడికంటే చాలా కిందనే మెత్తబడిపోతుంది. పైగా ఫ్రక్టోజ్ గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆ తేమ అద్దాన్ని ఇంకా మెత్తన చేస్తుంది. మెత్తబడితే అణువులు కదలడం మొదలవుతుంది, కదిలితే పలుకుల అంచులు కరుగుతాయి, కరిగిన చోట సూక్ష్మజీవులకు విందు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు. నిరుటి బెల్లం మిగిలి ఉంటే ఆ నెలల్లో చెమరుస్తుంది. అవ్వ ఆ కాలానికి ముద్దల్ని వరిగడ్డి పరిచిన కుండలో పెట్టి, వంటింట్లో పొయ్యి వేడి తగిలే అటక మీదికి ఎక్కించేది. ఆ అటక మీద గాలి పొడిగా ఉండేది, తేమ ముద్దను చేరేది కాదు. ఆమె ఆపుతున్నది సరిగ్గా ఆపవలసిన దాన్నే.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఉంది. బెల్లం స్థిరమైన వస్తువు కాదు. కలకండ దానికంటే స్థిరం. ఆ మాటకొస్తే కలకండ కూడా చివరి గమ్యం కాదు. గాలీ నిప్పూ తగిలితే బొగ్గుపులుసు వాయువూ నీళ్లూ అయిపోవడమే చక్కెరకు చివరి మెట్టు. మనకు పనికొచ్చే వస్తువుల్లో చాలావరకు ఆ చివరి మెట్టుకు చేరకుండా మధ్యలో ఎక్కడో ఆగినవే. చంద్రగిరి చుట్టుపక్కల కొండల వాలు మీద, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతుందేమో అనిపించే గుండ్లు చూడండి. వాటికి అడుగున మైదానం ఉంది. అక్కడికి చేరితే వాటికి అంతకంటే దిగువ లేదు. కానీ ఏదో చిన్న పల్లం పట్టి ఆపింది, తరాల తరబడి అక్కడే కూచున్నాయి. పదార్థాలూ అట్లా ఆగుతాయి. ఆ పల్లం ఎంత లోతు, దాన్ని దాటించే వేడో తేమో ఎప్పుడు వస్తుంది అన్నదాని మీదే వాటి ఆయుష్షు ఉంటుంది.

ఏ ప్రావస్థలు ఎప్పుడు కలిసి ఉండగలవో లెక్క కట్టినవాడు అమెరికాలో విలార్డ్ గిబ్స్. 1876 నుంచి 1878 దాకా రెండు భాగాలుగా అచ్చయిన ఆయన దీర్ఘవ్యాసం అప్పట్లో చదివి అర్థం చేసుకున్నవాళ్లు చాలా తక్కువ. దాన్ని జర్మన్‌లోకి తెచ్చిన విల్‌హెల్మ్ ఆస్ట్వాల్డ్ 1897లో మరో మాట చెప్పాడు. ఒక స్థితిని వదిలిన పదార్థం సూటిగా అత్యంత స్థిరమైన రూపానికి వెళ్లదు, దగ్గరలో ఉన్న మరో తాత్కాలిక రూపంలో మొదట దిగుతుంది అని. అన్నిచోట్లా పనిచేసే నియమం కాదు ఇది. అయినా వంటింట్లో, కొలిమిలో, మందుల ఫ్యాక్టరీలో దీనికి సాక్ష్యాలు దొరుకుతూనే ఉంటాయి. జాతరలో పిల్లలు కొనుక్కునే పీచుమిఠాయి అట్లాంటి సాక్ష్యమే. కరిగిన చక్కెర పలుకు కట్టే వ్యవధి లేకుండా సన్నటి పోగులై చల్లారుతుంది, ఉత్త అద్దంగా మిగులుతుంది. తేమగాలి తగిలితే ఆ పూట దాటకుండానే కుంచించుకుపోయి గరుగ్గా మారుతుంది. పలుకు కట్టడం అప్పటికి మొదలైందన్నమాట.

అదే సూత్రానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం మనకు శ్రీకాళహస్తి దారిలోనే ఉంది. ఏర్పేడు దాటాక రాచగున్నేరి దగ్గర లాంకో పేరుతో మొదలై, శ్రీకాళహస్తి పైప్స్‌గా పేరు మార్చుకుని, ఇప్పుడు ఎలక్ట్రోస్టీల్ కాస్టింగ్స్‌లో కలిసిపోయిన ఇనుప గొట్టాల కర్మాగారం ఉంది. ఊళ్లకు తాగునీళ్లు మోసే పెద్ద గొట్టాలు అక్కడ తయారవుతాయి. ఆ గొట్టాల కథంతా ప్రావస్థల కథే.

పోత ఇనుములో దాదాపు 3.5 శాతం కర్బనం ఉంటుంది. ఇనుము గట్టిపడేటప్పుడు అంత కర్బనాన్ని తనలో ఇముడ్చుకోలేదు, బయటికి నెట్టాల్సిందే. నెట్టిన కర్బనానికి రెండు దారులు. ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి సమ్మేళనం కావడం ఒకటి, విడిగా గ్రాఫైటుగా కట్టడం రెండోది. గ్రాఫైటు ఎక్కువ స్థిరం. కానీ దానికి కర్బనం ఒకచోట పోగుపడాలి, అందుకు వ్యవధి కావాలి. గబుక్కున చల్లార్చితే ఆ వ్యవధి దొరకదు, సిమెంటైట్ అవుతుంది. అట్లాంటి ఇనుము విరిచినచోట తెల్లగా మెరుస్తుంది, సుత్తి దెబ్బకు పగిలిపోతుంది. నిదానంగా చల్లారితే గ్రాఫైటు సన్నటి రేకులుగా కడుతుంది. విరిచినచోట బూడిదరంగు. చెక్కడానికి అనుకూలమే గాని ఆ రేకుల వాడి కొసల దగ్గర ఒత్తిడి పోగై పగులు మొదలవుతుంది. లాగితే ఒక శాతం కూడా సాగదు. పాత పోత ఇనుప నీళ్ల గొట్టాలు నేల కుంగితేనో, పైన లారీ ఎక్కితేనో ఫట్టున పగలడానికి కారణం ఆ రేకులే.

1943లో అమెరికాలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ పరిశోధకుడు కీత్ మిల్లిస్ ఆ ఇనుములో కొంచెం మెగ్నీషియం కలిపి చూశాడు. గ్రాఫైటు రేకులకు బదులు గుండ్రటి గుళికలుగా కట్టింది. ఈ సంగతి 1948లో ప్రపంచానికి వెల్లడైంది. అదే ఏడు బ్రిటన్‌లో హెన్టన్ మారో సీరియంతో అదే ఫలితం సాధించినట్టు చెప్పాడు. గుళికకు వాడి కొస లేదు. పగులు ముందుకు పాకకుండా దాని దగ్గర మొద్దుబారిపోతుంది. అట్లా తయారైన గొట్టం కనీసం 10 శాతం సాగాలని ప్రమాణాలు అడుగుతాయి. ఇనుము, కర్బనం, సిలికాన్ పాళ్లు దాదాపు పాతవే. గుణం మాత్రం పగిలేదాని నుంచి వంగేదానికి మారిపోయింది.

ఆ మార్పుకు కావలసిన మెగ్నీషియం వందో వంతులో సగం కూడా ఉండదు. అదీ ఎంతోసేపు నిలవదు. మెగ్నీషియం 1090 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది, కరిగిన ఇనుము అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. కలిపేటప్పుడు కళ్లు చెదిరే తెల్లటి వెలుగు ఎగజిమ్ముతుంది. కలిపిన తర్వాత కొద్ది నిమిషాల్లో పోత పోయకపోతే దాని ప్రభావం తగ్గిపోయి మళ్లీ రేకులే కడతాయి. "ఇంగ దించండప్పా" అని తాత వేసిన కేకకు, కొలిమి దగ్గర కార్మికుడు చేసే సైగకు నాకు తేడా కనిపించదు. ఇద్దరూ కాపాడుతున్నది ఒకే రకమైన క్షణాన్ని.

ఇంకో మలుపు కూడా ఉంది. గొట్టాన్ని గుండ్రంగా తిరిగే లోహపు అచ్చులో పోస్తారు. అచ్చు చుట్టూ చల్లటి నీళ్లు పారుతుంటాయి, ఇనుము వెంటనే గట్టిపడుతుంది. అంత తొందరలో కర్బనంలో కొంత మళ్లీ సిమెంటైట్‌గా ఇరుక్కుంటుంది. అందుకే గొట్టాన్ని 900 డిగ్రీలు దాటిన కొలిమిలోకి పంపుతారు. ఆ వేడిలో పట్టి ఉంచితే సిమెంటైట్ విడిపోతుంది, కర్బనం నడిచి వెళ్లి గ్రాఫైటు గుళికల్లో చేరుతుంది. ఆ తర్వాత నిదానంగా చల్లారిస్తే చుట్టూ మెత్తటి ఇనుము మిగులుతుంది. పోత వేళ దొరకని వ్యవధిని కొలిమి తిరిగి ఇస్తుంది. ఇక్కడ మనకు కావలసింది ఎక్కువ స్థిరమైన రూపం. బెల్లంలో మనం కాపాడుకునేది తక్కువ స్థిరమైన అద్దాన్ని. స్థిరత్వం ఎప్పుడూ మంచిదనీ, ఎప్పుడూ చెడ్డదనీ చెప్పలేం. ఎవరికి, ఏ పనికి, ఎంతకాలానికి అని అడగాల్సిందే.

స్థిరత్వం మనిషికి ఎదురు తిరిగిన సందర్భాన్ని కూడా చెప్పకుండా ఉండలేను. ఎయిడ్స్ రోగులకు ఇచ్చే రిటోనవిర్ గుళికలు 1996లో మార్కెట్లోకి వచ్చాయి. 1998లో ఉన్నట్టుండి కొన్ని గుళికలు పరీక్షలో కరగడం మానేశాయి. మందు అదే, అణువు అదే. అంతకుముందు ఎవరికీ తెలియని, ఇంకా స్థిరమైన కొత్త స్ఫటిక రూపం అందులో పుట్టింది. అది నీళ్లలో చాలా తక్కువగా కరుగుతుంది. కడుపులో కరగని మందు ఒంటికి పట్టదు. గుళికల్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ కొత్త స్ఫటికం నలుసులు చేరిన ప్రయోగశాలల్లో పాత రూపాన్ని మళ్లీ తయారు చేయడం చాలా కష్టమైపోయింది. ప్రాణం నిలిపే మందు కోసం ఎదురుచూసిన రోగుల్ని తలచుకుంటే, స్ఫటికాల అమరిక అనేది పుస్తకాల్లో బొమ్మలకు పరిమితమైన విషయం కాదని గుండెకు తగులుతుంది.

బెల్లం దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే నా బాధ అంతా అక్కడే ఉంది. బెల్లానికి ధర ఎక్కువగా రంగును చూసి పలుకుతుంది. పసుపు పచ్చగా మెరిస్తే మంచి ధర, ముదురు రంగైతే తక్కువ ధర. రంగు కోసం హైడ్రోస్ అనే సోడియం రసాయనాన్ని పాకంలో వేయడం మొదలైంది. అది అప్పటికి తెల్లబరుస్తుంది, నిలవలో రంగు మళ్లీ ముదురుతుంది. బెల్లం నిలుస్తుందా చెమరుస్తుందా అన్నది రంగులో రాసి ఉండదు. విడిపోయిన చక్కెర ఎంత, మిగిలిన తేమ ఎంత, పలుకు సమంగా కట్టిందా లేదా అన్నవాటిలో ఉంటుంది. మా తాత ఎవరి బెల్లమైనా కొనేటప్పుడు ముద్ద పైరంగు చూసేవాడు కాదు. రాతి మీద కొట్టి విరిచి, విరిగినచోట వేలు రాసి పలుకు చూసేవాడు, విరిగిన చప్పుడు వినేవాడు. లోహశాస్త్రం చదివేవాళ్లు కూడా ఇనుము గుణం తెలుసుకోవడానికి మొట్టమొదట చేసే పని అదే, విరిగిన ముఖాన్ని చూడటం.

పాకం గురించి మన ఇళ్లలో ఉన్న తెలివి మామూలుది కాదు. అత్తిరాసలకు ఉండపాకం, శెనక్కాయ ఉండలకు నేలకేసి కొడితే టంగుమనే ముదురుపాకం. గులాబ్‌జామ్ పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండే ఇల్లాలు, బెల్లం వండేవాడు దేనికైతే భయపడతాడో దాన్నే కావాలని చేయిస్తోంది. పులుపు కొంత సుక్రోజును విడగొడుతుంది, విడిపోయిన గ్లూకోజూ ఫ్రక్టోజూ అడ్డుపడి పాకాన్ని పలుకు కట్టనివ్వవు. బెల్లానికి పగ అయినది జామున్‌కు చుట్టం. దీన్ని ఎవరూ ఆమెకు సూత్రంగా చెప్పలేదు, చూసి, చేసి, చెయ్యి తిప్పుకుని నేర్చుకుంది.

చిత్తూరులోనూ రేణిగుంట దగ్గర గాజులమండ్యంలోనూ ఉన్న సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. చెరకు వేసేవాళ్లు తగ్గారు. గానుగలు ఇంకా ఉన్నాయి, కానీ చెవితో పాకం చూసే పెద్దలు తగ్గిపోతున్నారు. తిరుపతి పక్కనే పెరుమాళ్లపల్లిలో చెరకు మీద పనిచేసే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ రెండూ ఇప్పుడు ఏర్పేడు దగ్గరే ఉన్నాయి. పదార్థాల అమరికను అణువుల దాకా చూడగల పరికరాలు అట్లాంటి చోట్ల ఉంటాయి. గొట్టాల కర్మాగారం అక్కడికి కూతవేటు. గానుగలు మాత్రం జిల్లా విడిపోయాక చిత్తూరు వైపు, పూతలపట్టు, ఐరాల మండలాల్లో మిగిలాయి.

ఒక్క గానుగ కాలం పాటు ఎవరైనా పిల్లలు పుస్తకం, థర్మామీటరు పట్టుకుని ఆ పెద్దల పక్కన కూచుంటే బాగుంటుంది. ఏ చప్పుడుకు ఎన్ని డిగ్రీలు, ముసురు రోజున ఇంకెంత ముదరనిస్తారు, చవుడు నేల చెరకు రసానికి సున్నం ఎంత మారుస్తారు, తొట్టిలో ఎంతసేపు కలిపి ఎప్పుడు చెయ్యి ఆపుతారు, ఆ ముద్ద మరుసటి కార్తీకానికి ఎట్లా ఉంది — ఇవన్నీ రాసుకోవాలి. మండీలో కూడా రంగు చూసే కంటి పక్కన తేమ కొలిచే ఒక చిన్న పరికరం ఉంచి, నిలిచే బెల్లానికి నాలుగు రూపాయలు ఎక్కువ కట్టాలి. అప్పుడు హైడ్రోస్ పొట్లం విప్పమని ఏ రైతునూ ఎవరూ ఒత్తిడి చేయరు. ముసురు తగ్గాక గానుగలు జోరందుకుంటాయి, ఆ పని మొదలుపెట్టడానికి డిసెంబరు మంచి నెల.